కారు గొంతు చినిగితే

వ్యాకరణం చెప్పుకుని బతికేవాడికి కారు గొట్టాలతో పనేమిటని మీరు అడగవచ్చు. పని ఉంది. రెండు పదాల నడుమ సంధి ఉన్నట్లే, ఊగే ఇంజనుకూ ఊగని సైలెన్సరు గొట్టానికీ నడుమ ఒక సంధి ఉన్నది. మెకానిక్కులు దానిని ‘ఫ్లెక్సిబుల్’ అంటారు. అది చినిగిన రోజుననే మనలో చాలామందికి దాని పేరు తెలుస్తుంది.

ఇంజను మౌంటింగులనే రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది. స్టార్టు చేసినా, గేరు మార్చినా కాస్త ఊగుతుంది. మన ఇళ్ళముందు కనిపించే చిన్నకార్లలో చాలావాటికి ఇంజను అడ్డంగా ఉంటుంది గనుక, ఆ ఊపు ముందుకూ వెనక్కూ సాగుతుంది. పొగగొట్టం పోయేదీ ఆ దిక్కుకే. పైగా గొట్టం వేడికి సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. పొడవునా బిగువైన లోహమే అయితే ఎక్కడో ఒకచోట పగలక తప్పదు. అందుకే మధ్యలో ఇంచుమించు జానెడు మెత్తని ముక్క పెడతారు.

పైకి అది తీగలతో అల్లిన జడలా ఉంటుంది. లోపల హార్మోనియం తిత్తిలా ముడతలు పడిన పలుచని స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం. పొగను ఆపేది ఆ తిత్తి. అది మితిమీరి సాగకుండా కాపాడేది పై అల్లిక. స్పీడు బ్రేకరు తగిలినా, వానాకాలపు బురదకు తుప్పు పట్టినా, మౌంటింగు చెడి ఇంజను మరీ ఊగినా అది చిట్లుతుంది. ఉదయం స్టార్టు చేయగానే కారు ముందుభాగం కింద బొంగురు శబ్దం వస్తే అనుమానించండి.

శబ్దం ఒక్కటే అయితే వీధివారు విసుక్కుంటారు, అంతే. అసలు భయం వేరే. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా దానిని పట్టుకుంటుంది. చిరుగు ఉన్నది మన కాళ్ళకు దగ్గరలోనే. ఏ సందుగుండానైనా ఆ వాయువు లోపలికి రావచ్చు. అద్దాలు బిగించి, పిల్లలను వెనుక సీటులో నిద్రపుచ్చి ప్రయాణం చేసేవారికి ఇది చిన్న సంగతి కాదు. తలనొప్పి, వికారం, మగత కలిగితే అలసట అనుకోకండి. కారు ఆపి అందరూ బయటి గాలికి వచ్చి, వైద్యుణ్ణి చూడాలి.

చిరుగు మీద పేస్టు రాసి, రేకు చుట్టి పంపేవారున్నారు. కదలని గొట్టానికి అది కొన్నాళ్ళు చెల్లుతుంది, ఊగే తిత్తికి చెల్లదు. తిత్తి మీదనే వెల్డింగు పెడితే పలుచని రేకు కాలి కొత్త చిల్లు పడుతుంది. చేయవలసింది ముక్క మార్చడమే.

విజయవాడ ఆటోనగరులో ఒక మేస్త్రీ ఈ పని చేస్తుంటే దగ్గర నిలబడి చూశాను. గొట్టం చల్లారేదాకా ఆగాడు. బ్యాటరీ తీగ ఊడదీశాడు. పాత ముక్కను రెండువైపులా గట్టి లోహం వచ్చేదాకా కోసి, వ్యాసం, పొడవు కొలిచి, సరిపడే కొత్తది తెచ్చాడు. సాగదీయకుండా, మెలిపడకుండా నిలిపి, నాలుగుచోట్ల చుక్కలు పెట్టి చూసుకుని, ఆపైన చుట్టూ వెల్డింగు చేశాడు. అల్లికకు మంట తగలనివ్వలేదు. చల్లారాక ఇంజను స్టార్టు చేసి అతుకులమీద సబ్బునీళ్ళు చల్లాడు. బుడగ లేవలేదు. కారు దించేముందు మౌంటింగులు కదిపి చూశాడు. అవి చెడి ఉంటే కొత్త ముక్కా నిలవదు.

కొన్ని కార్లకు కంపెనీవారి వద్ద ఈ ముక్క విడిగా దొరకదు. పొగను శుద్ధిచేసే కెటలిటిక్ కన్వర్టరుతో కలిపి మొత్తం కొనాలంటారు. ప్లాటినం, పెల్లేడియం, రోడియం వంటి లోహాలు వాడేది అందులోనే, ధర హెచ్చేదీ అందుకే. కన్వర్టరు బాగున్నదో లేదో ముందు పరీక్ష చేయించండి. బాగుంటే ముక్క ఒక్కటే మార్పించవచ్చు.

ఈసారి సర్వీసుకు ఇచ్చేటప్పుడు ఆయిలు మార్చమనడంతోబాటు ‘కింద ఫ్లెక్సిబుల్, మౌంటింగులు కూడా చూడండి’ అని ఒక్క మాట చెప్పండి. కారు పైకెత్తే ఉంటుంది గనుక, ఆ చూపుకు వారికి నిమిషం కూడా పట్టదు.