దంతవైద్యమునకు కంప్యూటరు సాయము

పన్ను ఊడినచోట ఏమి చేయవలెనను ప్రశ్న మన యిండ్లలోని పెద్దలకు తరచుగా కలుగుచుండును. కట్టుడు పళ్ళు కొందరికి సరిపడవు, నమలునపుడు కదలును. ఇట్టివారికి నేడు వైద్యులు ఇంప్లాంటు పద్ధతిని సూచించుచున్నారు. పంటి వేరునకు బదులుగా దవడ యెముకలో టైటానియపు మరను అమర్చి, దానిపై కృత్రిమ దంతమును నిలుపుటయే ఈ పద్ధతి.

టైటానియము ఎముకతో గట్టిగా కలిసిపోవునని 1952 ప్రాంతమున స్వీడను దేశీయుడగు బ్రోనెమార్క్ కుందేళ్ళపై చేసిన పరిశోధనలలో గమనించెను. 1965 లో ఆయన తొలిసారిగా ఒక రోగి దవడలో ఇట్టి మరలను అమర్చెను.

అయితే దవడ వట్టి ఎముక కాదు. క్రింది దవడ లోపల ఒక నరము పోవుచున్నది. మర దానిని గాయపరచినచో పెదవియు, గడ్డమును మొద్దుబారవచ్చును. పై దవడకు మీదుగా గాలితో నిండిన గది కలదు. సాధారణ ఎక్స్‌రే చిత్రము ఎముక ఎత్తును చూపును గాని దాని మందమును చూపజాలదు. అందుచేత వైద్యులు చిగురును కోసి, ఎముకను కన్నులార చూచి పని చేయుచుండిరి.

1971 లో రోగులకు తొలిసారి ఉపయోగింపబడిన సి.టి. స్కాను ఈ కొరతను తీర్చెను. 1990ల చివర దంతవైద్యమునకు అనువైన కోన్ బీమ్ యంత్రములు వచ్చెను. మన చెన్నైలో మెట్రో సొరంగమును త్రవ్వుటకు ముందు నేల పొరలను పరీక్షించిరి గదా! అట్లే వైద్యుడు దవడ యొక్క ముమ్మూర్తుల రూపమును కంప్యూటరు తెరపై చూచి, మర పొడవును, లావును, వాలును ముందే నిర్ణయించును. నరమునకు సాధారణముగా 2 మిల్లీమీటర్ల యెడమైనను ఉంచును. పిదప ఆ కొలతల ప్రకారము రంధ్రములు గల అచ్చు నొకదానిని తయారు చేయింతురు. దానిని పళ్ళపై బిగించి, ఆ రంధ్రము గుండా ఎముకను తొలిచెదరు. ఎముక చాలినంత యున్నచో చిగురునకు చిన్న రంధ్రము చాలును. నొప్పియు, వాపును తగ్గును.

కాని కంప్యూటరు వైద్యుడు కాదు. అచ్చు కొంచెము కదలినను ఒక మిల్లీమీటరుకు మించిన తేడా రావచ్చును. ఎముక సన్నగిలినవారికి చిగురు కోయక తప్పదు. అదుపులో లేని మధుమేహమును, పొగత్రాగుటయు గాయము మానుటకు ఆటంకములు.

1953 లో మద్రాసు వైద్య కళాశాలకు అనుబంధముగా ఆరంభమైన దంతవైద్య విభాగమే నేటి తమిళనాడు ప్రభుత్వ దంతవైద్య కళాశాల. ఈ నగరమున వైద్యులు తమిళమునను, ఆంగ్లమునను చెప్పు మాటలు మన తాతలకు, అవ్వలకు పూర్తిగా తెలియకపోవచ్చును. విద్యార్థులారా, వారి వెంట మీరు వెళ్ళుడు. నరమునకు ఎంత దూరము? ఎముక చాలునా? చిగురు కోయవలెనా? మొత్తము ఖర్చెంత? ఈ నాలుగు ప్రశ్నలను అడిగి, సమాధానములను తెలుగున వారికి విప్పి చెప్పుడు. అర్థమైన పిమ్మటనే సమ్మతి పత్రముపై చేవ్రాలు చేయవలెనని మేము తల్లిదండ్రులకు మనవి చేయుచున్నాము.