చెంపలోని చీకటి గది: సైనస్ వ్యాధి, గుర్తింపు, చికిత్స

జలుబును మనము వ్యాధిగా లెక్కింపము. తెలుగిండ్లలో పడిశమనియు, ఉర్దూ మాటలాడు ఇండ్లలో నజలా అనియు పిలుచుచు, ఆవిరి పట్టి, మిరియాల కషాయము త్రాగి ఊరకుందుము. చాలసార్లు ఇది చాలును. కొన్నిసార్లు చాలదు. ఆ కొన్నింటిని వేరుచేసి గుర్తించుట ఎట్లో విద్యార్థులకు తెలియజేయుటయే మా ఉద్దేశము.

కంటిగుంటకు క్రింద, పై పలువరుసకు మీద, ముక్కుకు ఇరుప్రక్కల ఎముకలో ఒక్కొక్క బోలు గది గలదు. దీనిని మాక్సిలరీ సైనస్ అందురు. 1651లో ఆంగ్ల వైద్యుడు నథానియల్ హైమోర్ దీనిని వర్ణించుటచే చాలకాలము ఆయన పేరిటనే పిలువబడినది. పెద్దవారిలో ఇది సుమారు 15 మిల్లీలీటర్లు పట్టును.

చిక్కంతయు ఈ గది తూములో నున్నది. తూము నేలమట్టమున నుండవలెను గదా! ఇచ్చట అది కప్పు దాపున నున్నది. కావున లోపల ఊరు శ్లేష్మము తనంతట జారిపోజాలదు. పొరపైనుండు శైలికలు అను సూక్ష్మమైన నూగు దానిని పైకి నెట్టి ముక్కులోనికి చేర్చవలెను. జలుబు చేసినపుడు పొర వాచి తూము మూసికొనును, శైలికలు మందగించును, నిలిచిన శ్లేష్మములో సూక్ష్మజీవులు పెరిగి చీము పట్టును. పొగ, దుమ్ము ఈ పొరను మరింత బాధించును. విజయవాడ రహదారియు, ఔటర్ రింగు రోడ్డును కలియు పెద్ద అంబర్‌పేటలో నివసించువారికి ఈ విషయము వేరుగా చెప్పనక్కరలేదు.

వ్యాధిని గుర్తించుటకు మొదటి సాధనము రోజుల లెక్క. మామూలు జలుబు వైరస్ వలన కలిగి, వారము పది దినములలో తగ్గుముఖము పట్టును. పది దినములు దాటినను తగ్గకున్నను, తగ్గినట్లే తగ్గి మరల జ్వరముతో తిరుగబెట్టినను, చెంపలో పోటు, చిక్కని పచ్చని చీమిడి, వంగినపుడు ముఖము బరువెక్కుట కానవచ్చినను సైనస్‌ను అనుమానింపవలెను. పన్నెండు వారములు మించినచో అది దీర్ఘవ్యాధి. ఒక్క ప్రక్కనే దుర్గంధముతో చీము వచ్చుచున్నచో పంటిని పరీక్షింపవలెను. ఏలయన పై దంతముల వేళ్లు ఈ గది నేలను తాకుచుండును. పన్ను బాగుపడనిదే గది బాగుపడదు.

పూర్వము వైద్యులు చీకటి గదిలో రోగి నోట దీపముంచి చెంప వెలుగును పరీక్షించెడివారు. తరువాత ఎక్స్‌రే వచ్చినది. నేడు సన్నని ఎండోస్కోపు ముక్కులోనికి పంపి తూమును కన్నులారా చూచుచున్నారు; దీర్ఘవ్యాధికిని, శస్త్రచికిత్సకు ముందును సి.టి. స్కాన్ తీయుదురు.

చికిత్సలో మొదటి సూత్రము తొందరపడకుండుట. వైరస్‌పై యాంటీబయాటిక్ పనిచేయదు. మొదటి దినముననే మందుల దుకాణములో కొని మ్రింగుట వ్యర్థము, హానికరము. కాచి చల్లార్చిన ఉప్పునీటితో ముక్కు కడుగుకొనుట మేలు, పచ్చినీరు వాడరాదు. పైన చెప్పిన లక్షణములున్నచో యాంటీబయాటిక్ అవసరమా, ఎన్నిదినములు అనునది వైద్యుడే నిర్ణయించును. దీర్ఘవ్యాధికి ముక్కులో కొట్టు స్టెరాయిడ్ స్ప్రే ఉపకరించును. మందులకు లొంగనిచో శస్త్రచికిత్స గలదు. 1890లలో అమెరికాలో కాల్డ్‌వెల్, ఫ్రాన్సులో లూక్ పై పెదవి లోపల కోసి, ఎముకకు రంధ్రము చేసి గదిని శుభ్రపరచు పద్ధతిని నెలకొల్పిరి. తరువాత ఆస్ట్రియాలో మెసెర్‌క్లింగర్ పరిశోధనల ఫలితముగా, ఎండోస్కోపు సాయమున సహజమైన తూమునే వెడల్పుచేయు పద్ధతి 1980లలో వ్యాపించినది.

ఈ గది అలక్ష్యము చేయదగినది కాదని 2021లో మన నగరము కన్నీటితో నేర్చుకొన్నది. కోవిడ్ రెండవ ఉధృతిలో బ్లాక్ ఫంగస్ అను మ్యూకోర్‌మైకోసిస్ ప్రబలినది. ఆ మే నెలలో తెలంగాణ ప్రభుత్వము దానిని తప్పక తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించి, కోఠీ ఇ.ఎన్.టి. ఆసుపత్రిని చికిత్సా కేంద్రముగా నిర్ణయించినది. అదుపులేని మధుమేహమును, అధిక స్టెరాయిడ్ వాడకమును ఈ శిలీంధ్రమునకు బాట వేసినవి. అది ముక్కులో, సైనస్‌లలో నాటుకొని రక్తనాళములను మూసివేయుటచే కండ చచ్చి నల్లబడును; అచ్చటనుండి కంటికి, మెదడుకు ప్రాకును. ముక్కునుండి తీసిన ముక్కను సూక్ష్మదర్శినిలో చూచి నిర్ధారింతురు. చచ్చిన భాగమును తొలగించి, ఆంఫోటెరిసిన్ ఎక్కింపవలెను. ఆలస్యమైన అనేకులు పై దవడను, కంటిని, కొందరు ప్రాణమును కోల్పోయిరి.

విద్యార్థులారా! మన ఇండ్లలో చక్కెర వ్యాధిగల పెద్దలున్నారు. వారి చెంప మొద్దుబారినను, ముఖము ఒకవైపు వాచినను, అంగిటిలో గాని ముక్కులో గాని నల్లని మచ్చ కానవచ్చినను, పై పండ్లు కదలినను, చూపు రెండుగా తోచినను, పది దినముల లెక్క వారికి వర్తింపదు; ఆ దినముననే వైద్యుని చేరవలెను. ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కినచో ఉస్మానియా వైద్య కళాశాల స్టేషనులో దిగి కోఠీ ఆసుపత్రికి పోవచ్చును. మామూలు జలుబునకు ఓర్పు, అపాయపు గుర్తులకు త్వర — ఈ రెంటి భేదము తెలిసినవాడు ఇంటికొక్కడున్నను ఒక కన్నును, ఒక ప్రాణమును నిలుపగలడు.