మైదానంలో ఆగిన గుండెకు మొదటి వైద్యులం మనమే

విశాఖ వన్ టౌన్ కుర్రాళ్లలో చాలామందికి రోజు మొదలయ్యేది పరుగుతోనే. కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు పెడతారు. అగ్నివీర్ ర్యాలీలోనూ అంతే దూరం. అందుకోసం కొందరు బీచ్ రోడ్డు మీద, కొందరు స్కూలు గ్రౌండ్లలో చెమటోడుస్తుంటారు. మిగతావాళ్లకు క్రికెట్, కబడ్డీ, షటిల్, జిమ్ ఉండనే ఉన్నాయి. దాదాపు అందరికీ ఈ శ్రమ మేలే చేస్తుంది. ఏ కొద్దిమందిలోనో మాత్రం, పైకి కనిపించని గుండె లోపం సరిగ్గా ఆ శ్రమ మధ్యలోనే బయటపడుతుంది.

షటిల్ కోర్టులో, జిమ్‌లో, కాలేజీ వరండాలో యువకులు నిలుచున్నచోటే కూలిపోయిన సీసీటీవీ దృశ్యాలు ఈ కొన్నేళ్లలో తెలుగువాళ్ల ఫోన్లన్నిటికీ చేరాయి. 2023 జనవరి 27న కుప్పంలో పాదయాత్రలో నడుస్తూ నటుడు నందమూరి తారకరత్న కుప్పకూలారు. ఆస్పత్రిలో గుండెను మళ్లీ కొట్టుకునేలా చేయగలిగారు గానీ, అప్పటికే రక్తం అందక మెదడు దెబ్బతింది. ఫిబ్రవరి 18న బెంగళూరులో ఆయన కన్నుమూశారు. వయసు 39.

ఇలాంటి కబురు వచ్చినప్పుడల్లా ‘ఆయుష్షు అంతే రాసిపెట్టి ఉంది’ అనుకుంటాం. వైద్యశాస్త్రం అలా అనడం లేదు. ఈ మరణాల్లో చాలావాటిని ఆపడానికి రెండు అవకాశాలు ఉంటాయి. ఒకటి కూలిపోకముందు, రెండోది కూలిపోయిన తొలి నిమిషాల్లో. రెండూ డాక్టర్ల చేతుల్లో కన్నా మన చేతుల్లోనే ఎక్కువ ఉన్నాయి.

గుండె ఎలా ఆగుతుంది?

గుండెపోటులో గుండె కండరానికి రక్తం తెచ్చే ధమని మూసుకుపోతుంది. ఛాతీలో నొప్పి వస్తుంది, చెమటలు పడతాయి, కానీ మనిషికి సాధారణంగా స్పృహ ఉంటుంది. గుండె ఆగిపోవడం, అంటే కార్డియాక్ అరెస్టు సంగతి వేరు. అందులో దెబ్బతినేది గుండెను నడిపే విద్యుత్ లయ. గుండె కుడివైపు పైగదిలో పుట్టే చిన్న విద్యుత్ సంకేతం కండరమంతటా ఒక వరసలో పాకితేనే గుండె ఒక్కసారిగా ముడుచుకుని రక్తాన్ని తోస్తుంది. ఒడ్డున అలివి వల లాగే జాలర్లు ఒక్క పలుకుకు అందరూ కలిసి లాగితేనే వల కదులుతుంది, ఎవరికి వారు లాగితే బలమంతా వృథా. లయ తప్పిన గుండెలోనూ జరిగేది అదే. కండరం వణుకుతూనే ఉంటుంది, రక్తం మాత్రం ముందుకు కదలదు. పది పదిహేను సెకన్లలో స్పృహ పోతుంది. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు కణాలు దెబ్బతినడం మొదలవుతుంది.

పెద్దవయసులో అరెస్టుకు ఎక్కువగా దారితీసేది గుండెపోటే. మన దేశంలో అది కొందరికి ముప్పైల్లోనే వస్తోంది కూడా. అంతకన్నా చిన్నవాళ్లలో, ముఖ్యంగా విద్యార్థుల్లో, కారణాలు వేరుగా ఉంటాయి.

పిల్లల గుండెల్లో దాగే లోపాలు

మొదటిది గుండె కండరం అసహజంగా మందమయ్యే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి. ఇది సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. ఎక్కువగా వంశపారంపర్యంగా వస్తుంది. 2003 జూన్ 26న ఫ్రాన్సులోని లియోన్‌లో కాన్ఫెడరేషన్స్ కప్ సెమీఫైనల్ ఆడుతూ కామెరూన్ ఆటగాడు మార్క్ వివియన్ ఫోయె మైదానంలోనే పడిపోయి మరణించాడు. అతని గుండెలో ఉన్నది ఈ లోపమే. వయసు 28.

గుండె కండర జబ్బుల జన్యుమూలం మీద మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ 2009లో ఒక ముఖ్యమైన సంగతి బయటపెట్టింది. కుమారసామి తంగరాజ్ బృందం గుండె కండర ప్రోటీన్‌కు సంబంధించిన ఎంవైబీపీసీ3 అనే జన్యువును పరిశీలించింది. అందులో 25 అక్షరాలు లోపించిన రూపం భారత ఉపఖండంలో నూటికి సుమారు నలుగురిలో ఉందని తేల్చింది. దాని ప్రభావం ఎక్కువగా నడివయసు తర్వాతే కనిపిస్తుంది కాబట్టి ఈ మాట విని పిల్లల విషయంలో బెదిరిపోనక్కర్లేదు. కానీ కుటుంబంలో గుండె జబ్బు చరిత్రను తేలిగ్గా తీసుకోకూడదని ఇది గట్టిగా చెబుతోంది.

రెండో రకం లోపాల్లో గుండె ఆకారం చక్కగానే ఉంటుంది, తేడా విద్యుత్ వ్యవస్థలో ఉంటుంది. రెండు వేలమందిలో ఒకరికి ఉండే లాంగ్ క్యూటీ సిండ్రోమ్ వీటిలో ప్రధానమైనది. అందులో ఒక రకం ఉన్నవాళ్లకు ఈత కొడుతుండగా లయ తప్పుతుంది, ఇంకో రకంలో అలారం లాంటి హఠాత్తు శబ్దానికి తప్పుతుంది. సముద్రం మీద బతికే జాలరి కుటుంబాలు వన్ టౌన్ చుట్టూ ఎన్నో ఉన్నాయి. ఈత క్షుణ్ణంగా వచ్చిన మనిషి కారణం తెలియకుండా మునిగి చనిపోయాడంటే, ఆ ఇంట్లో మిగతావాళ్లకు ఒకసారి ఈసీజీ తీయించాలి. కొన్ని విద్యుత్ లోపాలు తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు వచ్చినప్పుడే బయటపడతాయి. మేనరికాల్లో అలా జరిగే అవకాశం ఎక్కువ. పుట్టుచెవుడుతో పాటు మూర్ఛలు వచ్చే పిల్లల్లో అలాంటి లాంగ్ క్యూటీ ఉండొచ్చు.

మూడోది మయోకార్డైటిస్, అంటే వైరస్ జ్వరం తర్వాత గుండె కండరం వాచిపోవడం. జ్వరం తగ్గీ తగ్గకుండానే పరుగుకు దిగడం అందుకే ప్రమాదం. నాలుగోది ఛాతీకి తగిలే దెబ్బ. రెండు గుండె చప్పుళ్ల మధ్య సెకనులో యాభయ్యో వంతు పాటు ఉండే ఒక బలహీన క్షణంలో కార్క్ బంతి గుండె మీద తగిలితే, ఏ లోపమూ లేని కుర్రాడి గుండె కూడా ఆగిపోవచ్చు.

కోవిడ్ టీకా వల్లే యువకులు ఇలా కూలిపోతున్నారన్న ప్రచారాన్ని భారత వైద్య పరిశోధన మండలి పరీక్షకు పెట్టింది. 47 ఆస్పత్రుల నుంచి 18 నుంచి 45 ఏళ్ల మధ్య వయసువాళ్ల 729 ఆకస్మిక మరణాలను పరిశీలించి 2023లో ఫలితాలు ప్రచురించింది. టీకా ముప్పును పెంచలేదని తేలింది. ముప్పు పెంచినవి వేరే ఉన్నాయి: కుటుంబంలో ఆకస్మిక మరణం, కోవిడ్‌తో ఆస్పత్రి పాలవడం, చనిపోవడానికి ముందు రెండు రోజుల్లో అతిగా తాగడం, మత్తుమందులు, తీవ్రమైన శారీరక శ్రమ. ఏడాదంతా కదలకుండా కూర్చుని, నోటిఫికేషన్ పడగానే ప్రాణం పెట్టి పరిగెత్తే అభ్యర్థులు ఈ చివరి మాటను మనసులో పెట్టుకోవాలి. శ్రమను వారం వారం కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి.

పైసా ఖర్చు లేని పరీక్ష

జట్టులోకి తీసుకునేముందు పీఈటీ మాస్టారు, ఇంట్లో తల్లిదండ్రులు అడగవలసిన ప్రశ్నలు నాలుగే:

- పరుగు మధ్యలో ఎప్పుడైనా స్పృహ తప్పావా?
- ఆడుతున్నప్పుడు ఛాతీ నొప్పి, గుండె దడ, తోటివాళ్లకు లేని ఆయాసం వస్తున్నాయా?
- కుటుంబంలో ఎవరైనా యాభై ఏళ్లలోపే హఠాత్తుగా పోయారా?
- ఎప్పుడైనా ఫిట్స్ అని మందులు వాడావా?

పరుగు ఆపి నిలబడ్డాక కళ్లు తిరగడం ఎక్కువమందిలో ప్రమాదకరం కాదు. పరుగు మధ్యలో పడిపోవడం మాత్రం ఎప్పుడూ తేలిక విషయం కాదు. పై ప్రశ్నల్లో ఒక్కదానికి ‘అవును’ అని జవాబు వచ్చినా ఈసీజీ, ఎకో అయ్యేదాకా ఆట ఆపించాలి. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడులకు వచ్చి పిల్లలను పరీక్షిస్తున్నాయి. పుట్టుకతో వచ్చే గుండె లోపాలు, కీళ్లవాతంతో దెబ్బతిన్న కవాటాలు ఆ పరీక్షల జాబితాలో ఉన్నాయి. ఈ నాలుగు ప్రశ్నలూ వాటికి తోడు కావాలి.

మరి ఆటగాళ్లందరికీ ఈసీజీ తీస్తే? ఇటలీ 1982 నుంచి ఆ పని చేస్తోంది. వెనెటో ప్రాంతంలో యువ క్రీడాకారుల ఆకస్మిక మరణాలు ఇరవై ఏళ్లు దాటేసరికి 89 శాతం తగ్గాయి. ఇజ్రాయెల్ 1997లో అలాంటి చట్టమే తెచ్చినా మరణాల్లో తేడా రాలేదు. ఇంగ్లండ్‌లో 11,168 మంది కుర్ర ఫుట్‌బాల్ ఆటగాళ్లకు ఈసీజీ, ఎకో రెండూ చేశారు. 42 మందిలో ప్రాణాంతక లోపాలు పట్టుబడ్డాయి. అయినా తర్వాతి ఏళ్లలో గుండె జబ్బుతో పోయిన ఎనిమిది మందిలో ఆరుగురికి అప్పటి పరీక్షలు మామూలుగానే వచ్చాయి. పరీక్ష కొందరిని కాపాడుతుంది, అందరినీ కాపాడదు. అందుకే మైదానం సిద్ధంగా ఉండాలి.

తాళాలు కాదు, అరచేతులు

గుండె ఆగినవాడి చేతులు కాళ్లు కాసేపు కొట్టుకోవచ్చు. అది చూసి ఫిట్స్ అనుకుని మనవాళ్లు చేతిలో తాళం చెవుల గుత్తి పెడతారు, ముఖాన నీళ్లు చల్లుతారు, చుట్టూ మూగి ‘గాలి ఆడనివ్వండి’ అని కేకలేస్తారు. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంటే ‘ఊపిరి ఉంది’ అని ఆగిపోతారు. ఆ ఎగశ్వాస గుండె ఆగిందనడానికే గుర్తు. సీపీఆర్ (ఛాతీ నొక్కడం) గానీ విద్యుత్ షాక్ గానీ అందకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది.

భుజం తట్టి పిలవండి. పలకకపోతే, శ్వాస కూడా మామూలుగా లేకపోతే గుండె ఆగిందనే అనుకోండి. ఒకరు 108కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాలి. ఇంకొకరు గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి పక్కన మోకాళ్ల మీద కూర్చోవాలి. రొమ్ము ఎముక కింది సగం మీద అరచేతి మడమ ఆనించి, దానిపై రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా ఒంటి బరువుతో నొక్కాలి. లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 6 దాటకూడదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి, ఎందుకంటే అలసిన చేతులకు లోతు తగ్గిపోతుంది. శిక్షణ లేనివాళ్లు నోటితో ఊపిరి ఊదనక్కర్లేదు, నొక్కితే చాలు. నీట మునిగినవాళ్లకు మాత్రం ఊపిరి అందించడం కూడా ముఖ్యం.

ఈ నొక్కుడు మెదడుకు కాస్త రక్తం అందిస్తూ కాలాన్ని గెలుస్తుంది. తప్పిన లయను సరిచేసేది ఏఈడీ అనే షాక్ పెట్టె. పట్టీలు ఛాతీకి అంటిస్తే అదే గుండె లయను చదివి, ఏం చేయాలో మాటల్లో చెబుతుంది. అవసరం లేనివాళ్లకు షాక్ ఇవ్వదు కాబట్టి భయపడక్కర్లేదు. 2021 జూన్ 12న కోపెన్‌హాగన్ స్టేడియంలో కూలిపోయిన డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్‌ను బతికించినవి ఈ రెండే, సీపీఆర్, షాక్. లయ తప్పితే షాక్ ఇచ్చే ఐసీడీ అనే పరికరం ఛాతీలో అమర్చుకుని, ఎనిమిది నెలలు దాటాక అతను మళ్లీ మ్యాచ్ ఆడాడు.

దీని వెనుక ఆ దేశపు కృషి ఉంది. 2005లో డెన్మార్క్ బడుల్లో సీపీఆర్ నేర్పడం తప్పనిసరి చేసింది. మరుసటి ఏడాది నుంచి డ్రైవింగ్ లైసెన్సుకూ ఆ శిక్షణ ఉండాలంది. ఆస్పత్రి బయట గుండె ఆగిన సందర్భాల్లో పక్కవాళ్లు సీపీఆర్ చేసినవి 2001లో 21.1 శాతం ఉంటే 2010కి 44.9 శాతమయ్యాయి. నెల దాటి బతికినవాళ్లు 3.5 శాతం నుంచి 10.8 శాతానికి పెరిగారు.

మన గ్రౌండ్ సంగతి

వన్ టౌన్‌కు పెద్దాస్పత్రి దగ్గర. కేజీహెచ్, ఆంధ్రా మెడికల్ కాలేజీ వందేళ్లుగా మన ముంగిట్లోనే ఉన్నాయి. అయినా మార్కెట్ వేళల్లో ఈ ఇరుకు వీధులు దాటి ఎంత దగ్గరి ఆస్పత్రికి చేరాలన్నా నాలుగు నిమిషాలు చాలవు. ఆ నాలుగు నిమిషాలూ గ్రౌండ్‌లో ఉన్నవాళ్లవే. ప్రతి స్కూలు, కాలేజీ, జిమ్, కోచింగ్ సెంటర్ ఒక కాగితం మీద నలుగురి పేర్లు రాసి గోడకు అంటించాలి: ఛాతీ నొక్కేది ఎవరు, 108కి చేసేది ఎవరు, ఏఈడీ తెచ్చేది ఎవరు, గేటు తీసి అంబులెన్సుకు ఎదురెళ్లేది ఎవరు. మూడు నెలలకోసారి ఆ నలుగురూ దాన్ని చేసి చూసుకోవాలి. స్టేడియాల్లో, పెద్ద కాలేజీల్లో ఏఈడీ కొనడానికి పూర్వ విద్యార్థులు, పోర్టు, స్టీలు ప్లాంటు లాంటి సంస్థలు ముందుకు రావాలి. దేహదారుఢ్య పరీక్షలు పెట్టే ప్రతి మైదానంలో అంబులెన్సు, ఏఈడీ తప్పనిసరి కావాలి.

ఈ వ్యాసం చదివిన ప్రతి ఒక్కరినీ రెండే కోరుతున్నాను. ఆడే పిల్లలున్న ఇంట్లో ఆ నాలుగు ప్రశ్నలూ ఈ రోజే అడగండి. ఈ నెల దాటేలోగా దగ్గర్లో జరిగే సీపీఆర్ శిక్షణకు వెళ్లి, బొమ్మ మీదైనా సరే, మీ చేతులతో ఒకసారి నొక్కి నేర్చుకోండి.