ఉబ్బసం ఉందా? నొప్పి గోలీతో జాగ్రత్త!

మిర్చి ఏరే రోజులు. భద్రాచలం అడవి అంచు పల్లెల ఆడవాళ్ళు కూలికి పోతారు. పొద్దంతా వంగి ఏరతారు. సాయంత్రానికి నడుం నొప్పి, తలనొప్పి. వచ్చేటప్పుడు కొట్లో ఒక గోలీ కొని వేసుకుంటారు. చాలామందికి నొప్పి తగ్గుతుంది. కానీ ఉబ్బసం ఉన్న కొందరికి ఆ గోలీతోనే ప్రాణం మీదికి వస్తుంది.

గోలీ మింగిన మూడు గంటల లోపే ముక్కు కారుతుంది, లేదా మూసుకుపోతుంది. ఛాతీ పట్టేస్తుంది. పిల్లికూతలు వస్తాయి. "మిర్చి ఘాటు పడలేదు" అనుకుంటారు. గోలీ సంగతి ఎవరికీ తట్టదు.

ఎందుకిలా? కాలువకు అడ్డం వేస్తే నీళ్ళు ఇంకో దారికి మళ్ళుతాయి కదా! ఒంట్లో నొప్పి పుట్టించే పదార్థాన్ని ఈ మందు ఆపుతుంది. అప్పుడు కొందరిలో ఇంకో పదార్థం ఎక్కువవుతుంది. అది ఊపిరి గొట్టాలను బిగిస్తుంది.

ఏ మందులు? ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్. డిస్ప్రిన్‌లో ఆస్పిరిన్ ఉంటుంది. బ్రూఫెన్‌లో, కాంబిఫ్లామ్‌లో ఐబూప్రొఫెన్ ఉంటుంది. ఉబ్బసం ఉన్న అందరికీ ఇవి పడవని కాదు. పెద్దయ్యాక ఉబ్బసం వచ్చినవాళ్ళు, ముక్కులో కండ పెరిగినవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. నొప్పికి సూది వేయించుకునే ముందు కూడా ఉబ్బసం ఉందని చెప్పాలి.

మరి ఏం వేసుకోవాలి? పారాసిటమాల్ చాలామందికి పడుతుంది. పెద్దవాళ్ళు 500 మిల్లీగ్రాముల గోలీ ఒకటి వేసుకుంటే, మళ్ళీ ఆరు గంటల దాకా వద్దు. రోజుకు నాలుగు దాటొద్దు. కాలేయం జబ్బు ఉంటే డాక్టరును అడగాలి. జ్వరం ఉంటే గోలీతో సరిపెట్టుకోవద్దు. మలేరియా కావచ్చు. రక్త పరీక్ష చేయించుకోవాలి.

గోలీ అట్ట మీద పేరు ఇంగ్లీషులో ఉంటుంది. అయితేనేం? "అన్నా, నాకు ఉబ్బసం ఉంది. ఇందులో ఏం మందు ఉంది?" అని అడగండి. చెప్పిన పేరు తెలుగులో రాసుకోండి. పేరు తెలియని విడి గోలీ కొనొద్దు. పడని మందు పేరు రాసి రేషన్ కార్డుతో పాటు దాచుకోండి. ఏ ఆసుపత్రికి పోయినా ముందు ఆ కాగితం చూపండి.

ఊపిరి ఆడకపోతే మనిషిని పడుకోబెట్టవద్దు. కూర్చోబెట్టండి. డాక్టరు ఇచ్చిన పీల్చే మందు ఉంటే పీల్పించండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఏ గోలీ వేసుకున్నారో చెప్పండి. అట్ట వెంట తీసుకుపోండి.

అక్కల్లారా! మీ ఇంట్లో ఏ గోలీలు ఉన్నాయి? ఆశా కార్యకర్తను అడిగి, వాటి పేర్లు ఇవాళే రాసుకోండి.