తూలి పడకుండా కాపాడే నిదాన సాధన: తాయ్ చీ



ఇంట్లో పెద్దవాళ్లు జారిపడ్డారని ఆసుపత్రికి మోసుకొచ్చే కుటుంబాలు మనకు కొత్త కాదు. స్నానాల గదిలో పాచి, వాకిట్లో వాననీళ్లు, రాత్రి కరెంటు పోయినప్పుడు కాలికి తగిలిన చెంబు, ఏదైనా చాలు. తుంటి ఎముక విరిగితే అవ్వ మంచానికే పరిమితం. ఆమెను చూసుకోవడానికి కోడలో కొడుకో పత్తి చేనుకో మిర్చి కల్లానికో పోలేక కూలి పోగొట్టుకుంటారు. ఒకసారి పడి లేచినవారిలో మిగిలే భయం ఇంకో జబ్బు. మళ్లీ పడతామని బయటికి రారు, ఆదివారం ఆరాధనకు కూడా రారు. నడక తగ్గేకొద్దీ కాళ్లలో బలం తగ్గుతుంది, బలం తగ్గేకొద్దీ పడే ప్రమాదం పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్లనే మరణిస్తున్నారు. వారిలో అరవై దాటినవారే ఎక్కువ.

దీనికి మందుబిళ్ల లేదు, సాధన ఉంది. అందులో బాగా పరీక్షకు నిలిచినది తాయ్ చీ అనే చైనా వ్యాయామం. హెనాన్ రాష్ట్రంలోని చెన్ జియాగౌ అనే పల్లెలో చెన్ కుటుంబంవారు 17వ శతాబ్దంలో దీన్ని యుద్ధవిద్యగా సాధన చేశారు. 19వ శతాబ్దంలో యాంగ్ లూచాన్ అనే ఆయన దీన్ని బీజింగు నగరానికి తీసుకెళ్లాడు. 1956లో చైనా ప్రభుత్వ క్రీడాశాఖ సామాన్యుల కోసం 24 కదలికలతో సులువైన వరుస తయారుచేసింది. నేడు పొద్దున్నే పార్కుల్లో ముసలివారు గుంపుగా చేసేది చాలావరకు అదే. 2020లో యునెస్కో దీన్ని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది.

చూడ్డానికి నీళ్లలో నడుస్తున్నట్టు ఉంటుంది. మోకాళ్లు కొద్దిగా వంచి, శరీరం బరువును ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి మెల్లగా మారుస్తారు. చేతులు, నడుము, చూపు దానితోపాటే కదులుతాయి. కిటుకంతా ఆ బరువు మార్చడంలోనే ఉంది. మనం పడేది సాధారణంగా అడుగు మార్చేటప్పుడు, పక్కకు తిరిగేటప్పుడు. ఆ క్షణాన్నే తాయ్ చీ నిదానంగా వందసార్లు అలవాటు చేయిస్తుంది.

1996లో అమెరికాలోని అట్లాంటాలో 70 ఏళ్లు పైబడిన 200 మందితో ఒక పరిశోధన జరిగింది. 15 వారాలు తాయ్ చీ చేసినవారిలో పదే పదే పడే ప్రమాదం దాదాపు సగానికి తగ్గింది. మోకాళ్ల అరుగుదల ఉన్న 204 మందితో బోస్టన్‌లో జరిగిన పరిశోధన 2016లో వెలువడింది. అందులో వారానికి రెండుసార్లు చొప్పున 12 వారాలు తాయ్ చీ చేసినవారికి, ఫిజియోథెరపీ చేయించుకున్నవారికి నొప్పి ఇంచుమించు ఒకేలా తగ్గింది. వరినాట్లలో వంగి వంగి మోకాళ్లు అరిగిన మన అమ్మలకూ, భూపాలపల్లి బొగ్గు గనుల్లో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైన సింగరేణి కార్మికులకూ ఈ రెండో సంగతి ముఖ్యం. అయితే ఇది షుగరును, బీపీని మాయం చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. మాత్రలు మాత్రలే.

సంఘంలో కొందరికి ఒక సందేహం రావచ్చు: ఇది వేరే మతం కాదా? తావో తత్త్వంలోని మాటలు దీని వెనుక ఉన్న మాట నిజం, దాచనక్కర లేదు. కానీ కాళ్లు చేతులు కదపడానికి ఆ తత్త్వం నమ్మాల్సిన పని లేదు, పై పరిశోధనల్లో కొలిచింది కదలికల ఫలితాన్నే. తిమోతికి రాసిన మొదటి పత్రికలో పౌలు శరీర సాధనను తక్కువ చేశాడని చూపించేవారూ ఉన్నారు. ఆయన దాన్ని భక్తితో పోల్చాడు గాని మానుకొమ్మనలేదని మేము అనుకుంటాము. అయినా మనసు ఒప్పనివారిని బలవంతపెట్టనక్కర లేదు. వారు ఆ పేరు లేకుండానే ఇలా చేయవచ్చు.

గోడ పక్కన నిలబడండి. ప్లాస్టిక్ కుర్చీ పట్టుకోవద్దు, అది జారుతుంది. కిటికీ ఊచో బరువైన బెంచీయో మేలు. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, మోకాళ్లు కొంచెం సడలించండి. బరువంతా మెల్లగా కుడికాలి మీదికి తెచ్చి, ఎడమ మడమ కొద్దిగా ఎత్తి, మనసులో అయిదు లెక్కపెట్టి దించండి. తర్వాత రెండోవైపు. ఊపిరి బిగపట్టవద్దు. మొదట అయిదు నిమిషాలు చాలు. మోకాలు నొప్పి పెడితే అంత వంచవద్దు.

ఒక్కరే చేస్తే వారం తిరగకముందే మానేస్తారు. మన పల్లెల్లో కోలాటం నేర్చుకున్నవారికి గుంపులో అడుగు కలపడం ఎంత సులువో తెలుసు. ఆరాధన ముగిశాక చర్చి వరండాలో పదిమంది కలిసి పావుగంట చేయవచ్చు. ఒక వారం రాని పెద్దమ్మ ఇంటికి ఎవరో ఒకరు వెళ్లి పలకరిస్తారు, అది కూడా లాభమే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో ఏ సంఘంవారైనా ఈ పని మొదలుపెట్టవచ్చు, ఖర్చు లేదు. పక్కన ఒక పడుచువారు నిలబడితే చాలు.

మొదలుపెట్టేముందు కొందరు డాక్టరుకు చూపించుకోవాలి. లేచి నిలబడగానే కళ్లు తిరిగేవారు (బీపీ మాత్రల మోతాదు కారణం కావచ్చు), షుగరుతో పాదాలు మొద్దుబారినవారు, గుండె జబ్బు ఉన్నవారు, ఈమధ్య ఎముక విరిగినవారు ఇందులోకి వస్తారు. కంటిలో శుక్లాలు ఉంటే ఆపరేషన్ వాయిదా వేయవద్దు. అరిగిపోయిన హవాయి చెప్పులు ఈరోజే పారేయండి.

ఫిజియోథెరపీ గదికి వచ్చేటప్పుడు అవ్వనో తాతనో వెంట తీసుకురండి, వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకుని రండి.