ఎనిమిది మీటలు, ఒకే తీగ

తొంభైల్లో టీవీకి తగిలించి ఆడిన వీడియో గేముల రిమోట్లు ఇప్పటికీ నా దగ్గరికి రిపేరుకి వస్తుంటాయి. వాటిలో చాలావరకు నింటెండో కంపెనీ 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్‌కి నకళ్లే. వెనక స్క్రూలు విప్పితే కనిపించేది ఒక చిన్న సర్క్యూట్ బోర్డు, దాని మీద రబ్బరు బుడిపెలు. అంతే.

బుడిపె అడుగున నల్లటి కార్బన్ బిళ్ల ఉంటుంది. దాని కింద బోర్డు మీద రెండు గీతలు, రెండు దువ్వెనల పళ్లు తగలకుండా ఒకదాని సందుల్లోకి ఒకటి దూరినట్టు ఉంటాయి. వేలు నొక్కగానే బిళ్ల ఆ రెంటినీ కలుపుతుంది. నొక్కనప్పుడు 5 వోల్టుల దగ్గర నిలబడే గీత కాస్తా సున్నాకి పడిపోతుంది. వేలు తీస్తే రబ్బరే పైకి లేచి దారి తెంపేస్తుంది. మారియో ఇంకా ఎత్తుకు ఎగరాలని పిల్లలు బలంకొద్దీ నొక్కుతారు గానీ, బలం సంగతి ఈ రిమోటుకి తెలియదు. ఎంతసేపు నొక్కి ఉంచారన్నదే లెక్క.

నాకు ఎంతో ఇష్టమైన భాగం దీని తర్వాతిది. మీటలు ఎనిమిది, కేబుల్లో తీగలు మాత్రం ఐదు. కరెంటుకి రెండు పోతే మిగిలేవి మూడు. మరి ఎనిమిది కబుర్లు ఎలా వెళ్తాయి? అసలు నింటెండో రిమోటులో ఆ పని 4021 అనే చిప్‌ది. నకళ్లలో అలాంటిదే బోర్డు మీది నల్లటి ముద్ద కింద ఉంటుంది. గేమ్ పెట్టె ఒక తీగ మీద పల్సు పంపగానే, ఆ క్షణాన ఏ మీట నొక్కి ఉందో చిప్ పట్టి ఉంచుతుంది. రెండో తీగ మీద పల్సులు వస్తుంటే మూడో తీగ మీద వరసగా అప్పజెబుతుంది: ఎ, బి, సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందకి, ఎడమ, కుడి. చాలా గేముల్లో ఇదంతా సెకనుకు 60 సార్లు, మన టీవీలకు తగ్గట్టు చేసిన పెట్టెల్లో 50 సార్లు జరుగుతుంది. అడగనిదే రిమోటు నోరు విప్పదు.

ఇప్పటి అనలాగ్ స్టిక్కుల దారి వేరు. చాలావాటిలో వోల్టేజి కొద్దికొద్దిగా మార్చే పొటెన్షియోమీటర్లు రెండు ఉంటాయి. అవి అరిగితే చెయ్యి పెట్టకపోయినా బొమ్మ తనంతట తానే కదులుతుంది.

పాత రిమోట్లలో మీట నుంచి గేమ్ పెట్టె దాకా కబురు వెళ్లే వరస తెలిస్తే రిపేరు సగం అయినట్టే. ఒక్క మీటే పలకకపోతే ముందు దాని బిళ్లనీ గీతల్నీ చూస్తాను. అన్నీ మూగబోతే కేబులు రిమోటులోకి దూరే మలుపు దగ్గర తీగ తెగిందేమో చూస్తాను. గీతలకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూది చాలు. బిళ్లని మాత్రం గరుకు కాగితంతో రుద్దకండి, కార్బన్ పొర లేచిపోతే ఆ మీట ఇక పలకదు.