కాగితపు కీలుబొమ్మలు

మన భాషలో కీలుబొమ్మకు గౌరవం తక్కువ. సొంత బుద్ధి లేక, పరులు ఆడించినట్టు ఆడేవాణ్ణి ఆ మాటతో ఎత్తిపొడుస్తాం. జపాను వారు మాత్రం ఆ కీలునే గొప్ప విద్యగా సాధించారు. దాని పేరు ‘కరకురి’.

ఎడో యుగంలో (1603–1868) అక్కడ అతిథికి తేనీరు అందించే బొమ్మ ఒకటి ఉండేది. దాని చేతి పళ్ళెంలో కప్పు పెడితే ముందుకు సాగుతుంది. అతిథి కప్పు అందుకోగానే ఆగుతుంది. ఖాళీ కప్పు తిరిగి పెడితే వెనుదిరిగి, వచ్చిన దారినే పోతుంది. లోపల మంత్రమూ లేదు, మాయా లేదు. కొయ్య పళ్ళచక్రాలు, తిమింగలం నోట ఉండే వంగుడు పట్టీతో చేసిన స్ప్రింగు, అంతే!

ఇటువంటి విద్య తెలిసినవారు గుట్టుగా దాచుకోవడం లోకరీతి. హొసొకవా హన్‌జో అలా దాచలేదు. 1796లో వెలువడిన ‘కరకురి జుయి’ అనే మూడు సంపుటాల గ్రంథంలో గడియారాల, బొమ్మల లోగుట్టును పటాలతో సహా విప్పి చూపాడు.

“బొమ్మలాటలు కూడు పెడతాయా?” అని పిల్లలను కసరే పెద్దలకు మరొక సంగతి. బాణాలు వేసే బాలుడి బొమ్మను చేసిన తనకా హిసషిగే (1799–1881) 1875లో టోక్యోలో ఒక యంత్రశాల తెరిచాడు. నేటి తోషిబా సంస్థకు మూలం అదే.

ఈ కాలంలో సాకా కేసుకే వంటి రూపకర్తలు ఆ విద్యను కాగితంలోకి దించారు. కత్తెర, జిగురు, అట్ట ఉంటే మన ఇంట్లోనూ చేయవచ్చు.

దళసరి కాగితాన్ని నలుపలకగా మడిచి ఇరుసు చేయండి. నాలుగైదు అట్టలు ఒకదానిపై ఒకటి అంటించి, అయిదు సెంటీమీటర్ల వెడల్పున గుండ్రని చక్రం కోయండి. అట్టపెట్టె లోపల ఆ చక్రాన్ని ఇరుసుకు బిగించి, ఇరుసు కొసలను పెట్టె రెండు పక్కల గుండ్రని రంధ్రాల్లో నిలిపి, ఒక కొసకు పిడి అతికించండి. పెట్టె మూతకు కాగితపు గొట్టం అమర్చి, అందులోంచి ఒక పుల్ల దించండి. పుల్ల అడుగున చిన్న అట్టముక్క అంటించి, అది చక్రం మీద ఆనేటట్టు చూడండి. పైకొసన ఒక కాగితపు పిచ్చుకను కూర్చోబెట్టండి.

కిటుకంతా ఒక్కచోటనే ఉంది. ఇరుసు చక్రం నడిమధ్య ఉంటే ఎంత తిప్పినా పిచ్చుక కదలదు. ఒక సెంటీమీటరు పక్కకు జరిపితే ప్రతి చుట్టుకూ రెండు సెంటీమీటర్లు లేచి దిగుతుంది.

బజారు బొమ్మ ఆగిపోతే పిల్లవాడు ఏడుస్తాడు. దాని పొట్ట మూసి ఉంటుంది గనుక. ఈ బొమ్మ ఆగితే లోపలికి తొంగిచూసి, ఎక్కడ రాసుకుంటున్నదో తానే కనిపెడతాడు. మర ఎందుకు తిరుగుతున్నదో ఎరిగినవాడు ఇక ఎవరి చేతిలోనూ కీలుబొమ్మ కాడు.